తల మీద రెండు చేతులు

శేషగిరిరావు గారి జిన్నింగు మిల్లులో నోటితో మాట్లాడబోయేవాళ్ళు వెర్రివాళ్ళ కింద లెక్క. నరసరావుపేట నుంచి చిలకలూరిపేట వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటాక ఒక పొడుగాటి రేకుల షెడ్డు ఉండేది. పత్తి రోజుల్లో ఆ షెడ్డులో గింజ నుంచి దూది తీసే జిన్నులన్నీ ఒక్కసారిగా నడుస్తుంటే పక్కన పిడుగు పడ్డా తెలిసేది కాదు. అందుకని అక్కడి ఆడవాళ్ళు చేతులతో మాట్లాడుకునేవారు. బొటనవేలు పెదాలకు ఆనిస్తే మంచినీళ్ళు. మీసం దువ్వినట్టు చేస్తే మేస్త్రీ వస్తున్నాడని. చూపుడువేలు గాలిలో గుండ్రంగా తిప్పితే మిషను నడపమని. వేళ్ళతో కళ్ళ చుట్టూ సున్నాలు చుడితే యూనియను ప్రెసిడెంటు నాగభూషణరావు గారు. ఆయన కళ్ళజోడు అద్దాలు అంత మందం. ఆ సంగతి ఆయనకు మాత్రం తెలియదు. ఎందుకంటే యూనియను ప్రెసిడెంటు గేటు దాటి షెడ్డులో అడుగు పెట్టడానికి శేషగిరిరావు గారు ఏనాడూ ఒప్పుకోలేదు. కొత్తగా చేరిన ఏ పిల్లయినా కొద్దిరోజుల్లోనే ఈ భాషంతా పట్టేసి, మేస్త్రీ మీద చాడీలు కూడా చేతులతోనే చెప్పేది.

రెండు అరచేతులూ తల మీద పెట్టుకునే సైగ మాత్రం ఎవరూ సరదాకి చేసేవారు కాదు. బెల్టులో మనిషి పడింది, మిషను ఆపండి అని దానికి అర్థం. పీరాంబీ తన సర్వీసు మొత్తంలో మిల్లు లోపల ఆ సైగ ఒక్కసారే చేసింది, అంకమ్మ కోసం.

పీరాంబీ దూదేకుల ఇంట పుట్టింది. ఆమె తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని గురజాల, మాచర్ల వైపు ఊళ్ళన్నీ తిరిగి పరుపులు కుట్టేవాడు. మనవరాలు ఊళ్ళు తిరగలేదు గానీ దూది మాత్రం ఆమెను వదల్లేదు. భర్త మౌలాలీ ఇదే మిల్లులో దూది బేళ్ళు ఎత్తేవాడు. ఒకనాడు లారీ మీద నుంచి బేలు జారి మీద పడి అతని ప్రాణం తీసింది. అతను మా మనిషి కాదు, లారీ వాళ్ళ మనిషి అని మిల్లు వాళ్ళు చేతులు దులిపేసుకున్నారు. చంకలో పిల్లతో గేటు ముందు కూర్చున్న పీరాంబీని చూసి సైకిలు దిగినాయన నాగభూషణరావు గారు. ఆయన ప్లీడరు. కోర్టులో మేడలు కట్టగల నోరు ఉండి, ఆ నోటిని మిల్లు గేట్ల దగ్గర అరగదీసుకున్న మనిషి. గుంటూరు ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగి, మౌలాలీ మిల్లు మనిషేనని రుజువు చేసి పరిహారం ఇప్పించారు. పీరాంబీకి జిన్ను మీద పని ఇప్పించారు. పసిబిడ్డల కోసం గేటు బయట ఉయ్యాలల షెడ్డు వేయించిందీ, వారానికో సెలవు తెప్పించిందీ ఆయనే. పీరాంబీ దువా చేసేటప్పుడు కన్నవాళ్ళ తర్వాత ఆయన పేరే చెప్పుకునేది. హిందువుల పేరు చెప్పొచ్చా అని ఎవరో సందేహం వెలిబుచ్చితే, "అల్లాకి తెలుసులే ఆయనెవురో" అని కసిరింది.

అంకమ్మది పీరాంబీ పక్క జిన్ను. జిన్నులన్నిటికీ వెనకగా ఒక పొడుగాటి షాఫ్టు తిరుగుతుండేది. దాని నుంచి ఒక్కో మిషనుకూ ఒక్కో బెల్టు. ఆ బెల్టులను రాసుకుంటూ నడిచివెళ్ళి ఆడవాళ్ళు పత్తి తెచ్చుకోవాలి. ఆ రోజు అంకమ్మ కొంగును బెల్టు లాక్కుంది. ఆమె అరిచే ఉంటుంది, ఎవరికీ వినిపించలేదు. పీరాంబీ చూసి రెండు చేతులూ తల మీద పెట్టుకుంది. వరసలో ఉన్న ఆడవాళ్ళు ఒకరిని చూసి ఒకరు చేతులు తల మీద పెట్టుకుంటూ పోయారు. అవతలి చివరన ఉన్న ఫిట్టరు ఖాదర్ వలి అది చూసి మెయిను ఆపేశాడు. అంకమ్మకు ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది.

గుంటూరులో పరిహారం విచారణ జరిగినప్పుడు నాగభూషణరావు గారు పీరాంబీని నిలబెట్టి, "అప్పుడేం చేశావో చేసి చూపించమ్మా" అన్నారు. పీరాంబీ చేతులు తల మీద పెట్టుకుంది. "ఇదండీ ఆ మిల్లులో ఆర్తనాదం. చెవులకు వినపడదు, కళ్ళతో చూడాలి" అన్నారు ఆయన. అంకమ్మకు పరిహారం వచ్చింది, మిల్లు పెరట్లో గింజలు ఊడ్చే పని కూడా వచ్చింది. ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ, ఇలాంటి మనిషి అండ ఉండగా మనకేం భయమని పీరాంబీ అనుకుంది.

రానిదల్లా ఇనప జాలీ. బెల్టులకు జాలీలు బిగించాలని చట్టం ఉంది. మిల్లులో జాలీలు కూడా ఉన్నాయి, గోడౌనులో. ఇన్‌స్పెక్టరు వచ్చేరోజు బిగించేవారు, ఆయన జీపు రోడ్డెక్కగానే విప్పేసేవారు. జాలీ ఉంటే బెల్టు జారినప్పుడల్లా దాన్ని విప్పి మళ్ళీ బిగించాలి, పని కుంటుపడుతుందని మేస్త్రీ గొణుగుడు. ఆ గొణుగుడు మేస్త్రీది, మాట యజమానిది అని అందరికీ తెలుసు.

ఎనభై అయిదులో పత్తి పని మొదలయ్యాక అంకమ్మ జిన్ను మీద కొత్త పిల్లను పెట్టారు. ఆ పిల్ల పీరాంబీ కూతురు హలీమా. పద్దెనిమిదేళ్ళు నిండాయి, ఇంట్లో ఒక్క సంపాదన చాలడం లేదు, వేరే జిన్ను ఇమ్మంటే ఖాళీ లేదన్నారు. పీరాంబీ పొద్దున్నే కూతురి జడ ముడివేసి, పైన గుడ్డ చుట్టి, పైట బిగించి నడుములో దోపి పంపేది. ఆ తర్వాత రోజంతా ఆమెకు అర కన్ను తన మిషను మీద, ఒకటిన్నర కన్ను కూతురి వెనక తిరిగే బెల్టు మీద.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం నాగభూషణరావు గారు గేటు దగ్గర అందర్నీ నిలబెట్టి శుభవార్త చెప్పారు. బోనసు పెరుగుతోంది. శివరాత్రి వెళ్ళగానే లేబరు ఆఫీసరు ముందు ఒప్పందం మీద సంతకాలు. దానికి బదులుగా మూడేళ్ళ దాకా మనం కొత్త కోరికలేవీ పెట్టం.

"మరి జాలీలు, బాబుగారూ?" అంది పీరాంబీ.

"వచ్చేసారి చూద్దామమ్మా."

"పోయినసారి గూడా వచ్చేసారనే అన్నారు గదా."

ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "ఏది అడగాలో, ఏది అడిగితే గేటుకి తాళం పడుతుందో నాకు తెలుసు. వినుకొండలో ఏం జరిగిందో మీకు తెలియదు" అన్నారు. తెలియకపోవడమేం, అందరికీ తెలుసు. అక్కడి మిల్లులో ఆయన అన్నీ ఒకేసారి పట్టుబట్టి సమ్మె చేయిస్తే, యజమాని మిషన్లు అమ్ముకుని పోయాడు. పనివాళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయిపోయారు. అప్పటి నుంచి ఆయన బేరం కోడిగుడ్లు మోసే మనిషి నడకలా తయారైంది. మనిషి మంచివాడే, మచ్చలేనివాడే. భయం మాత్రం పట్టుకుంది. ఆయన భయానికి మూడేళ్ళపాటు హలీమా కొంగు పణంగా ఉండాలి.

వారం సెలవు రోజున ఆమె స్టేషను రోడ్డులో ఆయన ఇంటికి వెళ్ళింది. ఆయన భార్య కాఫీ తెచ్చి ఇచ్చింది. పీరాంబీ గ్లాసు పక్కన పెట్టి, నిలబడే అడిగింది.

"బాబుగారూ, మీకు అబద్దం చెప్పలేను, మీ వెనకమాల ఏమీ చెయ్యలేను. మా తరఫున మాట్లాడ్డానికి ఇంక మీరొద్దు అనాలంటే చట్టంలో దారేంది?"

నాగభూషణరావు గారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. "నన్నే అడుగుతున్నావా?"

"ఇంకెవుర్ని అడగను? నాకు తెలిసిన ప్లీడరు మీరొక్కరే గదా!"

ఆయన మొహం కందగడ్డ అయింది. లేచి వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగారు. "నీ మొగుడు పోయిననాడు..." అని మొదలుపెట్టి, ఆపేశారు.

"అనండి బాబుగారూ. నేను రోజూ అనుకునేదే. ఆనాడు మీరు లేకపోతే నేనూ నా బిడ్డా లేం. ఇప్పుడు ఆ బిడ్డే బెల్టు పక్కన నిలబడి ఉంది."

ఆయన కూర్చున్నారు. కోర్టులో మాట్లాడే గొంతుతో మొదలుపెట్టారు.

"విను. రెండోసారి చెప్పను. యూనియన్లో చేరడం ఎవరిష్టం వాళ్ళది, మానడమూ అంతే. మానుకుంటున్నానని ఎవరికి వాళ్ళు కాయితం రాసివ్వాలి. ఒకరి బదులు ఇంకొకరు వేలిముద్ర వేస్తే చెల్లదు. ఆ కాయితాలు యూనియనుకి ఇవ్వాలి, అంటే నాకు. నకళ్ళు లేబరు ఆఫీసులో ఇచ్చి, ఈ యూనియనుకి ఇప్పుడు మెజారిటీ లేదు, లెక్క సరిచూడండని అర్జీ పెట్టాలి. ఆఫీసరమ్మ వచ్చి మనిషి మనిషినీ అడుగుతుంది. సగం మంది కంటే ఎక్కువ మానుకున్నామంటే నా గుర్తింపు పోయినట్టే. అప్పుడు మీరంతా మీటింగు పెట్టుకుని మీలో అయిదుగుర్ని ఎన్నుకోవచ్చు. యూనియన్ లేని చోట ఆ అయిదుగురి సంతకం చెల్లుతుంది."

"అట్టాగే బాబుగారూ."

"అప్పుడే అయిపోలేదు. ఇందులో యజమాని చెయ్యి పడకూడదు. మిల్లు గుమాస్తా రాసినా, మిల్లు గదిలో కూర్చుని రాసినా, శేషగిరిరావు ఇచ్చిన టీ తాగి రాసినా మొత్తం కొట్టేయిస్తాను. నేను ఊరుకుంటాననుకోబాక. ఆఫీసరు అడిగేటప్పుడు నేనూ అక్కడే కూర్చుంటాను. నాకా హక్కుంది."

"కూర్చోండి బాబుగారూ."

"కాఫీ తాగు, చల్లారిపోతోంది" అని ఆయన కోపంగా అన్నారు.

పీరాంబీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చింది. దారంతా ఆమెకు ఒకటే ఆశ్చర్యం. తనను దించడానికి వచ్చినవాళ్ళకు ఏ మెట్టు మీద కాలు జారుతుందో కూడా చెప్పి పంపే మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

కాయితాలు అంకమ్మ ఇంట్లో రాశారు. హలీమా ఏడో తరగతి దాకా చదివిన చదువు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది. ఆ పిల్ల ఒక్కొక్కరికీ రాసి చదివి వినిపిస్తుంటే, అంకమ్మ మిగిలిన ఎడమచేత్తో సిరా డబ్బీ పట్టుకుని కూర్చుంది. ఒకామె వేలు సిరాలో ముంచి అక్కడే ఆగిపోయింది. "నా బిడ్డ ఆయన ఏయించిన ఉయ్యాల్లోనే పెరిగిందే. యేలు ఎట్టా పెట్టేది?"

"నీకంటే నేనే ఎక్కువ రుణపడ్డా ఆయనకి" అంది పీరాంబీ. "ఆయన మీద పెట్టటంలేదు ఏలు. ఆయన అడగలేని మాట మనమే అడుగుదామని పెడుతున్నాం. ఇష్టం లేకపోతే మానుకో, నేనేమీ అనుకోను." ఆమె కాసేపు ఏడ్చి, వేలిముద్ర వేసింది. ఇద్దరు ముగ్గురు మాత్రం వేయకుండా లేచిపోయారు. వాళ్ళకు కూడా అంకమ్మ మజ్జిగ ఇచ్చే పంపింది.

సంగతి శేషగిరిరావు గారి చెవిన పడింది. ఆయన పీరాంబీని ఆఫీసు గదిలోకి పిలిపించి, ఎన్నడూ లేనిది కుర్చీ చూపించాడు. "మంచిపని చేస్తున్నావమ్మా. మన మధ్య ఈ బయటి మనుషులెందుకు? మనమంతా ఒక ఇంటివాళ్ళం. కాయితాలు మన గుమాస్తా టైపు కొట్టిపెడతాడు. విచారణ రోజున అందర్నీ తీసుకెళ్ళడానికి లారీ కూడా పంపిస్తా."

పీరాంబీ కూర్చోలేదు. "ఒక ఇంటోళ్ళమైతే అయ్యగారూ, నా బిడ్డ బెల్టుకి ఈ పూటే జాలీ బిగించమని చెప్పండి. ఈ లారీలు ఎందుకు?"

"అది వేరే సంగతిలే" అని ఆయన నీళ్ళు నమిలాడు.

"అయితే మీ లారీ వద్దు. నడిచే పోతాం."

కాయితాలు తీసుకెళ్ళి ఇస్తే నాగభూషణరావు గారు ఒక్కొక్కటీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశారు. ఒకదాన్ని తీసి వెనక్కిచ్చారు. "ఇందులో ముద్ర అలికినట్టుంది. చెల్లదు. మళ్ళీ వేయించుకురా" అన్నారు. మిగతావి అందాయని రాసి సంతకం పెట్టిచ్చారు. నకళ్ళతో పీరాంబీ పెట్టిన అర్జీ అందుకున్న లేబరు ఆఫీసరు సుభాషిణి చిన్న వయసు మనిషి, నిక్కచ్చి మనిషి. లెక్క తేలేదాకా ఒప్పందం మీద సంతకాలు ఆపమని ఇరువైపులా కబురు చేసింది.

శివరాత్రి వెళ్ళిన ఆదివారం, మిల్లులో కాకుండా మునిసిపల్ స్కూల్లో విచారణ పెట్టారు. కోటప్పకొండ తిరునాళ్ళ నుంచి ప్రభల బళ్ళు ఇంకా ఒకటీ అరా తిరిగొస్తూనే ఉన్నాయి. క్లాసు గదిలో బల్ల వెనక సుభాషిణి కూర్చుంది. ఒక పక్క కుర్చీలో నాగభూషణరావు గారు, కుర్చీకి తగిలించిన గొడుగు. ఎదురుగా బెంచీ మీద అర్జీ పెట్టిన పీరాంబీ. ఆడవాళ్ళు వరండాలో వరసగా నిలబడ్డారు.

"ఒక్కొక్కరే లోపలికి వస్తారు. మీ ఇద్దరిలో ఎవరూ వాళ్ళతో మాట్లాడకూడదు. నోటితో వాళ్ళు చెప్పిందే నేను రాసుకుంటాను" అంది సుభాషిణి.

మొదటి ఆమె వచ్చింది. నాగభూషణరావు గారిని చూడగానే అలవాటుగా పైట భుజం చుట్టూ కప్పుకుని దణ్ణం పెట్టింది.

"మీరు ఈ యూనియన్లో ఉన్నారా, మానుకున్నారా?"

ఆమె ఆఫీసరును చూసింది, పీరాంబీని చూసింది, చివరికి ఆయన్ని చూసింది. "ఉన్నానమ్మా" అంది.

"మానుకున్నానని మీ వేలిముద్ర ఉంది కదా?"

"అదీ ఉందమ్మా" అని తలొంచుకుని వెళ్ళిపోయింది. రెండో ఆమె కూడా అంతే. మూడో మనిషిగా అంకమ్మ వచ్చింది. అంకమ్మ మీద పీరాంబీకి కొండంత ధైర్యం. అంకమ్మ ఆయన మొహం చూసింది. ఆస్పత్రిలో తన మంచం పక్కన బత్తాయిలు ఒలిచిపెట్టిన మనిషి మొహం అది. "ఉన్నా తల్లీ" అంటూనే భోరుమంది.

ఈ ఆడవాళ్ళు మేస్త్రీకి జడవరు, యజమానికి జడవరు. మంచి చేసిన మనిషిని మొహం మీద కాదనడం మాత్రం వాళ్ళకు చేతకాదు. ఆ సంగతి తను ముందే ఎందుకు ఆలోచించలేదు? చట్టంలో ఉన్న ప్రతి మెట్టూ సరిగ్గా ఎక్కారు, ఈ ఒక్క గుమ్మం దగ్గర అందరూ బోల్తాపడుతున్నారు. ఆయన నోరు తెరవాల్సిన పని కూడా లేదు, అక్కడ కూర్చుంటే చాలు. సాయంత్రానికి యూనియన్ నిలుస్తుంది, రేపు సంతకాలు అవుతాయి, మూడేళ్ళు బెల్టులు అలాగే తిరుగుతాయి. మాట్లాడదామంటే మాట్లాడకూడదు. నాగభూషణరావు గారు ఎవరి వంకా చూడడం లేదు, బల్ల మీద సిరా మరక వంక చూస్తున్నారు.

నాలుగో మనిషిగా హలీమా వచ్చింది. ఉయ్యాలల షెడ్డులో ఆయన చొక్కా గుండీలు పీకి ఆడుకున్న పిల్ల అది. ఆయన్ని తాతయ్యా అని పిలుస్తుంది. బల్ల ముందు నిలబడి, "నేను..." అంది. తల్లి వంక చూసింది, ఆయన వంక చూసింది. కళ్ళు నిండిపోయాయి.

పీరాంబీ నాగభూషణరావు గారి వంకే చూస్తూ రెండు చేతులూ ఎత్తి తల మీద పెట్టుకుంది.

"ఏమిటమ్మా అది? ఆ అమ్మాయికి సైగలు చేయకూడదు" అంది సుభాషిణి గట్టిగా.

నాగభూషణరావు గారు తలెత్తి చూశారు. చూస్తూ ఉండిపోయారు. గుంటూరులో ఆ సైగకు అర్థం చెప్పింది ఆయనే.

"ఆ సైగ ఆ పిల్లకి కాదమ్మా" అన్నారు మెల్లగా. "నాకు."

ఆయన లేచి కుర్చీకి ఉన్న గొడుగు తీసుకున్నారు. "ఇక్కడ కూర్చునే హక్కు నాకుంది. దాన్ని వదులుకుంటున్నానని రాసుకోండి. ఇందాక వచ్చిన ముగ్గుర్నీ మళ్ళీ పిలిచి అడగండి. నన్ను ఎదురుగా పెట్టుకుని చెప్పింది వాళ్ళ మాట కాదు."

"దానివల్ల మీకు నష్టం జరగొచ్చు సార్" అంది సుభాషిణి.

"తెలుసమ్మా. రాసుకోండి."

వరండాలో ఆడవాళ్ళు ఆయన్ని చూసి దారి ఇచ్చారు. ఆయన ఎవరి వంకా తిరగకుండా వెళ్ళి, స్కూలు గేటు పక్కన అరుగు మీద, వాళ్ళకు వీపు పెట్టి రోడ్డు వైపు కూర్చుని, ఎండకు గొడుగు తెరుచుకున్నారు. తలుపులో నుంచి పీరాంబీకి ఆ నల్ల గొడుగు ఒక్కటే కనిపించింది. ఆ రోజు ఆమెకు అంత గొప్పగా కనిపించింది మరొకటి లేదు.

హలీమా కళ్ళు తుడుచుకుని, "మానుకున్నానమ్మా" అంది. ఆ వెనక అందరూ వచ్చి చెప్పారు. కొందరు గట్టిగా, కొందరు గుసగుసగా. ఉన్నామని చెప్పినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటా రాసుకున్నారు. అంకమ్మ రెండోసారి వచ్చినప్పుడు ముక్కు ఎగబీలుస్తూ, "మానుకున్నా. ఆయనకి మాత్రం చెప్పబాకండి" అంది. సుభాషిణి నవ్వు ఆపుకోలేకపోయింది.

పొద్దు వాలేసరికి లెక్క తేలింది. సగానికి చాలా పైన మానుకున్నారు. నాగభూషణరావు గారు లోపలికి వచ్చి, చదివి, చూపించిన చోట సంతకం పెట్టారు. ఆడవాళ్ళు వరండాలో ఎవరో పోయినట్టు నిలబడి ఉన్నారు.

"ఏడవబాకండి" అన్నారు ఆయన. "అసలు పని ముందుంది. మీటింగు పెట్టుకుని అయిదుగుర్ని ఎన్నుకోండి. నోరున్నదని నాలాంటివాణ్ణి ఎన్నుకోబాకండి, బెల్టు పక్కన నిలబడేవాళ్ళని ఎన్నుకోండి." సైకిలు ఎక్కబోయి, గొడుగు మరిచిపోయి, మళ్ళీ వచ్చి తీసుకువెళ్ళారు.

అయిదుగురిలో పీరాంబీ, అంకమ్మ, ఖాదర్ వలి ఉన్నారు. యూనియను పీడ వదిలిందని సంబరపడ్డ శేషగిరిరావు గారికి ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. లేబరు ఆఫీసులో సుభాషిణి ముందు జాలీల మాట రాగానే, ఇలాగైతే మిల్లు మూసేస్తానన్నాడు. అంకమ్మ పైట తొలగించి, మోచేతి దగ్గర ఆగిపోయిన చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది, ఒప్పందం కాయితం పక్కనే. శేషగిరిరావు కిటికీ వంక చూశాడు. సుభాషిణి చూపు తిప్పుకోలేదు. సాయంత్రానికి రాత పూర్తయింది. జాలీ లేని జిన్ను నడపకూడదు, విప్పినవాడు మేస్త్రీ అయినా సరే శిక్ష తప్పదు. బోనసు మాత్రం నాగభూషణరావు గారు తేబోయినదాని కంటే కాస్త తగ్గింది. బేరంలో ఆయన చెయ్యి ఆయనదే, ఆ మాట పీరాంబీ అందరి ముందూ ఒప్పుకుంది. మిల్లు మూతపడలేదు.

జాలీలు బిగించే రోజున మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. ఆఖరి బోల్టు బిగించి ఖాదర్ వలి మెయిను దగ్గర నిలబడ్డాడు. మేస్త్రీ వేలు ఎత్తబోతుంటే పీరాంబీ ఆగమంది. షెడ్డు గుమ్మంలో హలీమా ఉంది, ఆ పిల్ల చెయ్యి పట్టుకుని నాగభూషణరావు గారు ఉన్నారు. యూనియను ప్రెసిడెంటు అయితే ఆపడానికి మేస్త్రీకి ఆర్డరుంది. ఇప్పుడాయన ఏమీ కాదు గనక ఏ ఆర్డరు చూపించాలో తోచక మేస్త్రీ మీసం దువ్వుకున్నాడు. ఆడవాళ్ళు నవ్వారు.

హలీమా ఆయన్ని తన జిన్ను దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన జాలీని రెండు చేతులతో పట్టుకుని ఊపి చూశారు. అది కదల్లేదు. బెల్టుకూ, పత్తి తెచ్చుకునే దారికీ మధ్య ఎంత చోటుందో చూశారు. అది చూడడం ఆయనకు అదే మొదటిసారి.

"ఇంత దగ్గరా?" అన్నారు. "నేను భయపడ్డానమ్మా పీరాంబీ" అన్నారు.

"తెలుసు బాబుగారూ. మీ భయం గూడా మాకోసమే గదా." పీరాంబీ ఆయన్ని షెడ్డు నడిమికి తీసుకెళ్ళి నిలబెట్టింది. "ఇయ్యాళ మిషన్లు మీరే నడపమనాలి. వేలు ఇట్టా తిప్పండి."

ఆయన చెయ్యంతా తిప్పారు. "అట్టా కాదు తాతయ్యా" అని హలీమా ఆయన చూపుడువేలు పట్టుకుని గాలిలో గుండ్రంగా తిప్పింది. ఖాదర్ వలి మెయిను వేశాడు. షెడ్డు ఒక్కసారి హోరెత్తింది.

ఆయన ఏదో అంటున్నారు. పెదాలు కదులుతున్నాయి, ఒక్క ముక్క వినిపించడం లేదు. పీరాంబీ ఆయన వంక చూసి, వేళ్ళతో కళ్ళ చుట్టూ సున్నాలు చుట్టింది. ఏమిటది అన్నట్టు ఆయన కనుబొమలు ఎగరేశారు. పీరాంబీ ఆయన కళ్ళజోడు చూపించింది, వేలితో ఆయన గుండె మీద తట్టింది, మళ్ళీ సున్నాలు చుట్టింది. ఇన్నేళ్ళుగా ఈ హోరులో తనకొక పేరుందని ఆయనకు అప్పుడు తెలిసింది.

పీరాంబీని చూసి హలీమా చుట్టింది. హలీమాను చూసి పక్కనున్న ఆమె, ఆమెను చూసి ఇంకొకరు, అలా వరస పొడుగునా ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తి కళ్ళ చుట్టూ సున్నాలు చుట్టారు. అవతలి చివర మెయిను దగ్గర ఖాదర్ వలి కూడా స్పానరు చంకలో ఇరికించుకుని చుట్టాడు.